అంకె అరిచే పని

నువ్వేం పని చేస్తావని అడిగినవాళ్లకు నేను ఎప్పుడూ ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. రోడ్డు పక్కన నిలబడతాను. చక్రాల స్కీల మీద ఒక మనిషి వస్తాడు. అనుకున్న వేగం కన్నా అతను ఎన్ని సెకన్లు ముందున్నాడో, ఎన్ని వెనకబడ్డాడో లెక్కగట్టి అరుస్తాను. అతను వెళ్లిపోతాడు. అంతే పని. కువైట్‌లో నా జీవితంలో ఎక్కువ భాగం దీనికే పోయింది.

మొన్న గొంతు డాక్టరు నా స్వరపేటికలో కాయలు కాచాయన్నాడు. ఇంకా అరిస్తే మామూలు మాట కూడా పోతుందట. యాభై రెండేళ్లకు రిటైరయ్యానంటే ఊళ్లో నవ్వుతారు కానీ, నా పనిముట్టు గొంతే కదా. నా స్థానంలో ఇద్దరు చేరారు. ఒకతనిది కోరుట్ల, ఇంకొకతనిది రాయచోటి. వాచీ ఎలా నొక్కాలో వాళ్లకు ఎవరైనా చూపిస్తారు. నేను రాసేది వాచీ చూపించని సంగతి.

మంచు లేని చోట

మాది జగిత్యాల జిల్లా. పదో తరగతి తప్పి వచ్చాను. మొదట దజీజ్‌లో ఒక గోడౌన్‌లో బస్తాలు మోశాను. తరవాత లైసెన్సు సంపాదించి ఒక స్పోర్ట్స్ క్లబ్బులో డ్రైవరుగా చేరాను. నాకు అప్పగించిన మనిషి జోయా మేడం.

మేడం సోవియట్ దేశంలో స్కీ ఛాంపియన్. కొండ మీంచి జారే ఆట కాదు. మంచు మీద పొడవాటి పట్టీలు కట్టుకుని, చేతుల్లో రెండు కర్రలతో అడవుల గుండా మైళ్లకు మైళ్లు పరిగెత్తే ఆట. ఆ దేశం పోయింది, ఆమె వయసూ పోయింది. చలికాలపు ఆటలకు ఒక జట్టును తయారుచేయాలని క్లబ్బు ఆమెను రప్పించుకుంది. కువైట్‌లో మంచు ఎక్కడుందని మీరు అడుగుతారు. అక్కర్లేదు. ఎండాకాలంలో మంచు దేశాలవాళ్లు కూడా తారు రోడ్ల మీదే సాధన చేస్తారట. మూరెడు ఇనుప పట్టీ, దానికి ముందొక చక్రం, వెనకొక చక్రం. కర్రలకు ఉక్కు మొనలు. ఆ మొనలు తారుకు మొండిబారితే రాసి రాసి పదును పెట్టడం కూడా నా పనే.

ఈ సంగతి చెబితే నా రూమ్‌లో ఉండే ఓబులేసు పొట్ట పట్టుకుని నవ్వాడు. అతనిది కడప వైపు, ఒక ఇంట్లో వంట చేస్తాడు. యజమానురాలిని ఇక్కడ మామా అంటారు. "అయితే మల్లేశన్నా, ఆ రష్యా మామా నీకు జీతమిచ్చేది రోడ్డు పక్కన నిలబడి అరిసేదానికా? మా ఊర్లో మేకల్ని తోలేటోళ్లు ఉత్తపున్యానికే అరుస్తారు గదన్నా" అన్నాడు.

"నవ్వుతవ్ తియ్యి" అన్నాను. "ఒక్కపారి వచ్చి సూడు. ఆమె కట్టె పొడిస్తే రోడ్డు కదుల్తది."

డ్రైవరుగా ఉన్న నేను వాచీ పట్టుకోవడం అనుకోకుండా జరిగింది. టైము చూసే మనిషి ఒకరోజు రాలేదు. మేడం వాచీ నా చేతిలో పెట్టారు. గోడౌన్‌లో లోడ్ల లెక్క నోటితో వేసిన అలవాటు నాకుంది. కానీ ఆ లెక్క వందల్లో నడుస్తుంది, ఇది అరవైల్లో. ఆ తేడా బుర్రకెక్కడానికి బండి నడుపుతూ ఎదురొచ్చే నంబరు ప్లేట్ల అంకెలన్నీ అరవైల్లోకి మారుస్తూ పోయేవాణ్ని. ఎవరూ నేర్పలేదు. అవసరం నేర్పింది.

అరవడంలో ఉన్న పద్ధతి

మేడం నాకు పెట్టిన నియమాలు మీకూ చెబుతాను. మనిషి మీ పక్కకు వచ్చాక అరవకండి. ఇరవై అడుగుల ముందే అరవాలి, ఎందుకంటే అతని చెవిలో అతని ఊపిరే హోరుగా ఉంటుంది. అంకె రెండుసార్లు చెప్పాలి. ముందుంటే ప్లస్, వెనకబడితే మైనస్. దాని తరవాత ఇంకో మాట ఉండకూడదు. "శభాష్" వద్దు, "యల్లా" వద్దు. ఉత్సాహపరచడానికి ఊరంతా ఉంది. అంకె చెప్పేవాడు ఒక్కడే.

ఈ ఆటలో అందరూ ఒకేసారి బయలుదేరరు. ఒకరి తరవాత ఒకరిని వదులుతారు. కాబట్టి పరిగెత్తేవాడికి తన శత్రువు కనపడడు. తాను గెలుస్తున్నాడో ఓడుతున్నాడో తనకే తెలియదు. దారి పక్కన నిలబడిన మనిషి నోట్లో ఉంటుంది ఆ సంగతి. మొదట్లో నాకు ఇది చిన్న పనిలా అనిపించింది. చిన్నది కాదని అమ్ఘరా వెళ్లే దారిలో ఆమె చెప్పిన కథ విన్నాక అర్థమైంది.

స్తెపానిచ్

అమ్ఘరాలో తుక్కు యార్డులు శుక్రవారం పొద్దున మూసి ఉంటాయి. లారీలు తిరగవు. యార్డుల వెనక ఒక తిన్నని రోడ్డు మాకు దొరికింది. వారానికొకసారి ఆమెను సాల్మియాలోని ఫ్లాటు నుంచి అక్కడికి తీసుకెళ్లేవాణ్ని. వచ్చీరాని ఇంగ్లీషూ, నాలుగు అరబ్బీ ముక్కలూ కలిపి మాట్లాడుకునేవాళ్లం. ఆమె జీవితం నాకు ఆ దారిలో ముక్కలు ముక్కలుగా తెలిసింది.

ఉత్తరాన అడవుల్లో దుంగలు కొట్టే కూలీల పల్లె ఆమెది. తండ్రి కర్ర చెక్కి స్కీలు చేశాడు, పాత బెల్టులు కోసి వాటికి పట్టీలు వేశాడు. గడ్డకట్టిన నది దాటి బడికి వాటి మీదే వెళ్లాలి. మొదటి పందెం గెలిస్తే ఒక జత ఉన్ని బూట్లు ఇచ్చారట. అవి ఆమె కాళ్లకు పెద్దవి, తల్లి తొడుక్కుంది. పదహారేళ్ల వయసులో స్తెపానిచ్ అనే కోచ్ ఆమెను చూసి పట్నం తీసుకెళ్లాడు. వేసవిలో చిత్తడి నేలల్లో పరుగులు, పడవ తెడ్లు, గడ్డి మోపులు, దుంగల లారీలు తిరిగే రోడ్ల మీద చక్రాల స్కీలు. "ఈ తుక్కు లారీల వాసన నాకు కొత్త కాదు మల్లేష్" అనేవారు.

దేశ ఛాంపియన్‌షిప్ పందెంలో పెద్ద ఎక్కుడు మొదలయ్యే చోట స్తెపానిచ్ వాచీతో నిలబడ్డాడు. "మైనస్ ఎనిమిది" అని అరిచాడు. ఆమె ప్రాణం ఒడ్డి ఆ ఎక్కుడు ఎక్కారు. నోట్లో రక్తం రుచి తగిలిందట. గెలిచారు. చాలా తేడాతో గెలిచారు. సాయంత్రం భోజనాల దగ్గర స్తెపానిచ్ నవ్వుతూ చెప్పాడు, అప్పటికే నువ్వు పది ముందున్నావు, అబద్ధం చెప్పి నీలోంచి ఇంకొంచెం పిండాను అని. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వారు. మెడలో పతకం ఉంది కదా.

మరుసటి చలికాలం, పై దేశాలకు పంపే జట్టు కోసం పందెం జరిగింది. అదే ఎక్కుడు, అదే మనిషి. "మైనస్ ఐదు" అని అరిచాడు. ఆమె మనసులో నవ్వుకున్నారు. ముసలాడు మళ్లీ అదే ఆట ఆడుతున్నాడనుకున్నారు. చివరి ఎక్కుడు కోసం ఊపిరి దాచుకున్నారు. రెండు సెకన్ల తేడాతో ఓడిపోయారు. ఈసారి అతను నిజమే చెప్పాడు.

"నా బదులు వెళ్లిన అమ్మాయి పతకం తెచ్చింది" అన్నారు మేడం. ఆమె ఆ తరవాత దేశంలో ఇంకా గెలిచారు, రిలేల్లో గెలిచారు. ఆ ఒక్క పెద్ద పందెంలో నిలబడే అవకాశం మాత్రం మళ్లీ రాలేదు. "అబద్ధం ఒక పతకం ఇచ్చింది. దానికంటే పెద్దదాన్ని తీసుకుపోయింది. అందుకే నా రోడ్డు మీద అబద్ధపు అంకె ఉండకూడదు."

సగం కథ

మా క్లబ్బు మేనేజరును అందరూ బూ సాలెం, అంటే సాలెం నాన్న, అని గౌరవంగా పిలుస్తారు. మంచి మనిషి. జీతం ఆలస్యమైతే తానే ఫోన్ చేసి చెప్పేవారు. నేను చూసిన అధికారుల్లో ఆయన చెడ్డవారు కాదు, తొందర మనిషి. ఈ పనిలో చెడ్డవాడి కంటే తొందరపడేవాడితోనే ఎక్కువ నష్టం జరుగుతుందని నా అభిప్రాయం.

ఆ ఏడు మా జట్టులో ఫహద్ అనే కుర్రాడు పైకొచ్చాడు. ఇరవై రెండేళ్లు, కువైటీ. పై దేశంలో మంచు మీద జరిగే అర్హత పందేనికి ఒకరిని పంపుతామని క్లబ్బు ఒప్పుకుంది. షరతు ఏమిటంటే అమ్ఘరా రోడ్డు మీద, అయిదు కిలోమీటర్లు వెళ్లి అయిదు తిరిగి వచ్చే పరీక్షలో క్లబ్బు పెట్టిన టైము దాటకూడదు. దాటితే పంపరు. పంపడానికి ఎవరూ లేకపోతే స్కీ విభాగమే ఎత్తేస్తారు. మేడం ఇంటికి, నేను మళ్లీ గోడౌన్‌కి. కానీ మా సంగతి పక్కన పెట్టండి. ఫహద్ ఇంజినీరింగ్ చదువు ఆపుకుని మూడేళ్లు ఈ ఒక్కదాని కోసమే బతికాడు.

ఆ రోజుల్లోనే క్లబ్బులో విందు జరిగింది. డబ్బు పెట్టేవాళ్లు నలుగురు వచ్చారు. మేడంను మీ కథ చెప్పమన్నారు. ఆమె స్తెపానిచ్ సంగతి మొదలుపెట్టారు. నేను గోడ పక్కన నిలబడి వింటున్నాను. ఆమె మెడలో పతకం పడేదాకా బూ సాలెం కళ్లార్పకుండా విన్నారు. అప్పుడే ఆయనకు ఫోన్ వచ్చింది. ఆనందంగా తల ఊపుతూ బయటికి వెళ్లిపోయారు. రెండో చలికాలం ఆయన చెవిన పడలేదు.

తరవాతి వారం నుంచి ఫహద్ సాధన చేస్తుంటే ఆయన పక్కనే కారులో వచ్చేవారు. నన్ను వాచీ మాత్రం చూడమని, అద్దం దించి తానే అరిచేవారు. ఫహద్ నాలుగు ముందుంటే "మైనస్ తొమ్మిది" అనేవారు. ఫహద్ పళ్లు బిగించి తోసేవాడు. టైములు నిజంగానే తగ్గాయి. అది దాచను.

నేను వెళ్లి, అంకె తప్పు చెబుతున్నారు సార్ అన్నాను.

"నువ్వు వాచీ చూసుకో మల్లేష్, నేను మనిషిని చూసుకుంటా. మేడం ఛాంపియన్ ఎట్లా అయింది? ఆమే చెప్పింది కదా."

"ఆ కథ ఇంకా ఉంది సార్. మీరు వినలేదు."

"మెడల్ వచ్చింది, ఖలాస్. మెడల్ తరవాత కథ ఎవడికి కావాలి?"

మేడంకు చెప్పాను. ఆమె ఆయన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. బయటికి గట్టి గొంతులేమీ వినపడలేదు. ఆ రోజు నుంచి కారు రావడం ఆగింది. మేమిద్దరం ఊపిరి పీల్చుకున్నాం. ఆపితే సరిపోతుందనుకోవడం మా పొరపాటు. ఫహద్ చేతి వాచీ అతని ప్రతి పరుగునూ గుర్తుపెట్టుకుంటుంది. అతను ఇంట్లో కూర్చుని తన టైములూ, రోడ్డు మీద విన్న అంకెలూ పోల్చి చూసుకున్నాడు. విషయం తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. మాకు తెలియనిది అదే.

మొదటి పరీక్ష

పరీక్ష శుక్రవారం పొద్దున. గాలి దుమ్ము రేపుతోంది. పరుగు మొదలయ్యే చోట మేడం, బూ సాలెం, క్లబ్బు పెద్దలు ఇద్దరు. నేను అయిదో కిలోమీటరు దగ్గర, అతను వెనక్కి తిరిగే చోట, ఒక్కణ్నే. పరీక్ష రోజు చేతి వాచీలు పెట్టుకోనివ్వరు. దారి మొత్తం మీద ఫహద్ వినే అంకె నాదొక్కటే.

దుమ్ములోంచి ముందు కర్రల చప్పుడు వచ్చింది, తరవాత మనిషి. నేను లెక్క చూశాను. వెనకబడ్డాడు. ఎక్కువేమీ కాదు. ఇప్పుడు గట్టిగా తోస్తే అందుకునేదే.

"మైనస్ ఐదు. మైనస్ ఐదు."

ఫహద్ నా ముఖంలోకి చూసి నవ్వాడు.

ఆ నవ్వు గురించి నేను ముందే విన్నాను. మేడం చెప్పిన రెండో చలికాలం నా కళ్లముందు తారు రోడ్డు మీద పోతోంది. ఇంకో మాట అరవకూడదన్న నియమం పక్కన పెట్టి, "నిజం ఫహద్, నిజం" అని అరిచాను. అది మరీ చెడగొట్టింది. నిజం చెప్పేవాడు నిజం అని అరవడు కదా. అతను అదే నింపాది ఊపులో వెళ్లిపోయాడు.

మూడు సెకన్ల తేడాలో పోయింది.

నేను బండి తోలుకుంటూ వచ్చేసరికి ఫహద్ నేల మీద కూర్చుని ఉన్నాడు. టైము విన్నాడు. నన్ను చూశాడు.

"అది నిజంగానే మైనస్ ఐదా?"

"అవును."

కాలి పట్టీలు ఒక్కొక్కటే ఊడదీసి పక్కన పెట్టాడు. తరవాత, "నువ్వు కూడా వాళ్లతోనే ఉన్నావనుకున్నాను" అన్నాడు.

ఇన్నేళ్లలో నేను ఒక్క అంకె కూడా తప్పు చెప్పలేదు. అయినా అతను నన్ను నమ్మలేదు. అబద్ధం ఎవరు చెప్పినా, నష్టపోయేది ఆ రోడ్డు మీద అంకె చెప్పే ప్రతి మనిషీ. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. మీరు శుద్ధంగా ఉంటే చాలదు.

మేడం రోడ్డు అంచున కూర్చుని ఫహద్ కర్రల మొనలకు అంటిన తారు తుడుస్తున్నారు. బూ సాలెం ఆమె దగ్గరికి వెళ్లి ఏదో అనబోయారు.

"ఇది నాకు రెండోసారి" అన్నారామె.

ఆయనకు అర్థం కాలేదు. అప్పుడు అక్కడే, ఎండలో నిలబెట్టి, ఆయనకు మిగతా సగం కథ చెప్పారు. ఆయన ఫోన్ రెండుసార్లు మోగింది. తీయలేదు.

ఫహద్ చేతిలో వాచీ

పేర్లు పంపే గడువుకు ఇంకా రెండు శుక్రవారాలున్నాయి. రెండో దానికి ఇంకొక పరీక్ష పెట్టమని క్లబ్బు పెద్దలను అడిగింది బూ సాలెమే. ఆయన గురించి ఇది కూడా రాయడం న్యాయం.

కానీ ఫహద్ చెవిని ఏం చేయాలి? నేను వెయ్యిసార్లు ఒట్టేసినా లాభం లేదు. కువైట్ వీధుల్లో రోజుకు వందసార్లు వల్లా అని ఒట్టేస్తారు, కూరగాయల బేరానికి కూడా.

మొదటి శుక్రవారం బండిలో మేడం తన సంచీ కూడా పెట్టించారు. అమ్ఘరా చేరాక సంచీలోంచి తన చక్రాల స్కీలు తీశారు. అరవై దాటిన మనిషి, మోకాలికి ఒకసారి ఆపరేషన్ అయింది. వద్దన్నాను. నా మాట విననట్టే పట్టీలు బిగించుకున్నారు. నా వాచీ తీసి ఫహద్‌కు ఇమ్మన్నారు. తనకొక టైము పెట్టుకుని, ఫహద్‌ను మధ్యలో నిలబడి అంకె అరవమన్నారు. నన్ను ఇంకో వాచీతో అతని పక్కనే నిలబెట్టారు, నోరు తెరవకూడదని చెప్పి.

ఆమె తోయడం అంత దగ్గర నుంచి నేను అంతకుముందు చూడలేదు. వయసు ముఖంలో ఉంది, భుజాల్లో లేదు. మొదటి చుట్టులో ఫహద్ "మైనస్ మూడు" అన్నాడు. ఆమె ఊపు పెంచారు. ముఖం ఎర్రబడింది, ఊపిరి ఈలలా వస్తోంది. రెండో చుట్టులో ఆమె ఇంకా వెనకబడ్డారు. ఫహద్ వాచీ చూశాడు, ఆమె ముఖం చూశాడు. "ప్లస్ ఒకటి" అని అరిచాడు.

ఆమె వెంటనే ఊపు తగ్గించారు.

చుట్టు పూర్తయ్యాక ఆమె నా వైపు తిరిగి అసలు అంకె అడిగారు. నేను ఫహద్ వైపు చూడకుండా, మైనస్ ఆరు అన్నాను.

"ఎందుకలా చెప్పావు?" అని అతన్ని అడిగారు.

"మీరు పడిపోతారేమోనని."

"నా కాళ్ల సంగతి నాకు తెలుసు. ఊపిరి సంగతి తెలుసు. నాకు తెలియనిది ఒక్క అంకే. అది నీ నోట్లో ఉంది. నా దానిని నాకు ఇవ్వకుండా నువ్వు ఉంచుకున్నావు."

ఫహద్ తల దించుకున్నాడు. బూ సాలెం ఎందుకు అబద్ధం చెప్పారో కూడా అతనికి ఆ క్షణంలో అర్థమైందనుకుంటాను. ఇద్దరిదీ మంచి ఉద్దేశమే.

"ఇంకో చుట్టు" అన్నారు మేడం, కర్రలు అందుకుంటూ.

మూడో చుట్టులో ఫహద్ అంకె నిజమే చెప్పాడు. మైనస్ ఎనిమిది. ఆమె అందుకోలేకపోయారు. చివరికి చేరి, కర్రల మీద వాలి, దగ్గుతూ నవ్వారు. "చూశావా, ఓడిపోయాను. అయినా నువ్వంటే కోపం లేదు" అన్నారు.

ఆ సాయంత్రం ఓబులేసుకు చెబితే ఈసారి నవ్వలేదు. "ఆ యమ్మ మోకాలెట్లుందన్నా?" అని అడిగి, కూర గిన్నె నా వైపు జరిపాడు.

మైనస్ నాలుగు

రెండో పరీక్ష రోజు గాలి లేదు. బూ సాలెం తన కారు ఇంటి దగ్గరే వదిలేసి నా బండిలో వచ్చారు. ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకున్నారు. ఆయనను దించి, నేను అయిదో కిలోమీటరుకు పోయి నిలబడ్డాను.

కర్రల చప్పుడు వినపడింది. లెక్క చూశాను. మళ్లీ వెనకే ఉన్నాడు. నాలుగు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అతను దగ్గరికొచ్చే ఆ కొద్ది క్షణాల్లో నా బుర్రలో స్తెపానిచ్ దూరాడు. ఆరు అంటే ఇంకాస్త గట్టిగా తోస్తాడేమో. లేదు, రెండు అంటే కంగారు పడకుండా ఉంటాడేమో. ఆరుకూ కారణం ఉంది, రెండుకూ కారణం ఉంది. మీకూ ఈ రోజు వస్తుంది. అబద్ధం మీ దగ్గరికి దొంగలా రాదు, సాయం చేసే చుట్టంలా వస్తుంది.

"మైనస్ నాలుగు. మైనస్ నాలుగు."

ఫహద్ నా ముఖం వైపు చూడనే లేదు. గుర్తు చుట్టూ తిరిగాడు. కర్రల చప్పుడు మారింది. అంతదాకా కొలిచి పొడుస్తున్నవాడు, ఇప్పుడు దాచుకున్నదంతా తీసి పొడుస్తున్నాడు. ఆ చప్పుడు యార్డుల గోడలకు కొట్టుకుంటూ దూరమై, ఆగిపోయింది.

నేను అతని వెనక బండి తీసుకెళ్లకూడదు. పరీక్ష ముగిసేదాకా అక్కడే ఉండాలి. నా చేతిలో వాచీ నడుస్తోంది కానీ, అవతలి చివర ఏం జరుగుతుందో అది నాకు చెప్పదు. పెట్టిన టైము వాచీలో వచ్చింది, దాటిపోయింది. ఫోన్ మోగలేదు. ఇన్నేళ్లు నేను అరిచిన అంకె కోసం వాళ్లు ఎలా ఎదురు చూశారో ఆ కాస్సేపట్లో తెలిసింది.

ఫోన్ మోగింది. మేడం.

"ప్లస్ రెండు" అన్నారు. "ప్లస్ రెండు."

పెట్టేశారు. ఆ అంకె నిజమేనా అని నేను ఇంకెవరికీ ఫోన్ చేసి అడగలేదు.